ఏసేపు ఆపిన ఇంజన్

కర్నూలు పెద్దాసుపత్రి గోడ వెంబడి, టీ బంకులకు కాస్త ఎడంగా, ఒక తెల్ల వ్యాను చాలా ఏళ్లు నిలబడింది. తెలుపు పేరుకే. తలుపుల అడుగున తుప్పు తినేసింది, వెనక అద్దం పగిలిన చోట ప్లాస్టిక్ కాగితం అంటించి ఉండేది. సీటు కింద ఇంజన్ ఉండే పాత పెట్రోలు బండి. ఎవరో డాక్టరు తన పిల్లల్ని బడికి పంపడానికి కొన్నది, చేతులు మారి మారి కోడుమూరు ఏసేపు దగ్గరికి వచ్చి ఆగింది. ఏసేపు వెనక సీట్లు పీకించి, నిలువునా ఒక చెక్క బల్ల బిగించి, పక్కన ఇద్దరు కూర్చునేటంత ఇరుకు బెంచీ వేయించి, దాన్ని శవాల బండి చేసుకున్నాడు.

పడమటి ఊళ్లలో ఆ బండి తెలియని వాళ్లు తక్కువ. పోయేటప్పుడు నూటెనిమిదిలో పోతాం, వచ్చేటప్పుడు ఏసేపు బండిలో వస్తాం అని దేవనకొండ, ఆస్పరి పక్కల వాళ్లు తమ మీద తామే ఎగతాళి చేసుకునేవాళ్లు. ఆసుపత్రిలో ప్రభుత్వం వారి ఉచిత బండ్లు ఉన్నాయి. ఐసు పెట్టె ఉన్న కొత్త బండ్లూ వచ్చాయి. అయినా ఉచిత బండి ఇంకో శవంతో ఇంకో దోవన పోయినప్పుడో, కొత్త బండివాడు ఆ మట్టిదోవలో రానని మొండికేసినప్పుడో ఎవరో ఒకరు ఏసేపు నంబరు వెతికేవాళ్లు. ఆ ఫోను మీదే అతని ఇల్లు నడిచేది. భార్య సంతోషమ్మకు మోకాళ్లు పట్టేసి కూలికి పోవడం మానింది. చేను లేదు. కుర్రతనంలో డోన్‌లో లారీ క్లీనరుగా చేరి డ్రైవరైన మనిషి, నడుం దెబ్బతిన్నాక లారీ ఎక్కలేకపోయాడు. ఊళ్లవాళ్ల నోట్లో తన పేరు ఉన్నన్నాళ్లే తనకు కూడు అని అతనికి బాగా తెలుసు.

బండికి ఒక రోగం ఉంది. రాత్రంతా చలిలో నిలబెట్టి పొద్దున్నే తాళం తిప్పితే ఇంజన్ అందుకునేది గాని, స్లోలో నిలబడేది కాదు. పెట్రోలు ఎక్కువ పారించే చోకు పిడి లాగితే నల్లగా పొగ కక్కుతూ, ఒక సిలిండరు మండీ మండక, బండి మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణికేది. అద్దాలు, తలుపులు, వెనక బల్ల అన్నీ గడగడలాడేవి. చోకు తోస్తే ఇంజన్ ఆగిపోయేది. మళ్లీ లాగితే మళ్లీ అదే వణుకు. ఓపిగ్గా అలా పట్టుకుని కూర్చుంటే, లోపల వేడి పుట్టి, వణుకు కొంచెం కొంచెం తగ్గి, చివరికి అదే బండేనా అన్నట్టు సన్నగా గుర్రుమంటూ నిలబడేది.

కోడుమూరులో మాబుసా అనే పాత మెకానిక్ ఏసేపుకు ఈ సంగతి ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాడు. కార్బరేటరు లోపలి సన్న బెజ్జాలు మన దుమ్ముకు పూడిపోయాయి, చోకు తీగ సగంలో పట్టేస్తోంది, ఒక పగలు బండి వదిలిపెట్టు, అంతా విప్పి కడిగి ఇస్తాను అనేవాడు. ఏసేపు వదల్లేదు. ఆ పగలే ఫోను వస్తే ఎట్లా అన్నది అతని భయం. బండి రోగానికి మందు వేయించడం మాని, రోగంతో సర్దుకుపోయే పద్ధతులు కనిపెట్టుకున్నాడు. శవం రాకముందే బండి స్టార్టు చేసి, వణుకు తీరేదాకా వేడి చేసి, ఆ తర్వాతే వెనక తలుపు తెరిచేవాడు. అది మొదటి పద్ధతి. రెండోది ఒక ముసలమ్మ పుణ్యాన పుట్టింది.

ఆస్పరి పక్క ఊరికి ఆ ముసలమ్మను తీసుకుపోయినప్పుడు, కూతురు రావాలి, చూడాలి అని శవాన్ని బండిలోనే ఉంచి చాలాసేపు ఆపారు. చలికాలం. ఏసేపు ఇంజన్ ఆపేసి వేపచెట్టు నీడన కూర్చున్నాడు. కూతురు వచ్చింది, ఏడుపులు అయ్యాయి, బండిని శ్మశానానికి కదిలించబోతే మొదలైంది వణుకు. బల్ల మీద ముసలమ్మ తల ఇటూ అటూ ఊగింది. అవ్వ పోనంటాంది సూడు అని గుంపులో ఎవరో అన్నారు. కొందరికి నవ్వు ఆగలేదు. కొడుకులు మాత్రం ఏసేపును చంపేటట్టు చూశారు.

అప్పటినుంచి ఏసేపు అందరికీ ఒక నియమం చెప్పడం మొదలుపెట్టాడు. శవం ఎక్కిన బండికి, దించేదాకా ఇంజన్ ఆపకూడదు. ఆపితే పోయినవాళ్ల దోవ తెగిపోతుంది. ఆదివారం చర్చిలో కూర్చునే మనిషికి ఈ మాటలు ఎక్కడివని ఎవరూ అడగలేదు. చావు ఇంట్లో ఎవరు ఏ నియమం చెప్పినా వింటారు. రెండేళ్లు తిరగకముందే ఆ మాట అతని దగ్గరికే తిరిగొచ్చింది. ఆలూరు పెద్దమనిషి ఒకడు, ముందు సీట్లో కూర్చుని, ఇంజన్ ఆపకప్పా, ఇది మా తాతల కాలం నుంచి ఉండాది అని అతనికే బుద్ధి చెప్పాడు. మీ తాతల కాలంలో ఇంజన్ యాడిదన్నా అని నోటిదాకా వచ్చింది. మింగేసి బండి నడిపాడు. పెట్రోలు కాలినా సరే, మాట నిలబడింది, పరువు నిలబడింది, ఫోను మోగుతూనే ఉంది.

ఆ డిసెంబరులో గుండ్లవంక హంపమ్మ కొడుకు బసవరాజు పోయాడు.

గుండ్లవంక దేవనకొండ దాటి లోపలికి పోవాలి. హంపమ్మకు మొగుడు ఎప్పుడో పోయాడు, బసవరాజు ఒక్కడే కొడుకు. ట్రాక్టరు తోలేవాడు, పెళ్లి కుదిరింది. జ్వరం ముదిరి కళ్లు పసుపు పచ్చగా అయ్యాక కర్నూలు తెచ్చారు. తెల్లవారకముందే ప్రాణం పోయింది. హంపమ్మ తమ్ముడు సుంకప్ప ఫోను చేశాడు. ఏసేపు తన పద్ధతి ప్రకారం ముందే బండి వేడి చేసి పెట్టుకున్నాడు. శవాన్ని బల్ల మీద పడుకోబెట్టారు, కాలి బొటనవేళ్లు కట్టేశారు, దుప్పటి కప్పారు. హంపమ్మ తల దగ్గర బెంచీ మీద కూర్చుంది. అప్పటికి ఆమె ఏడ్వడం లేదు. సుంకప్ప ముందు కూర్చున్నాడు. ఇంజన్ ఆపకూడదన్న సంగతి అతనికి ముందే తెలుసు. పడమట అందరికీ తెలుసు.

కోడుమూరు చేరేసరికి ఎండ ఇంకా గోడల మీదే ఉంది. గుండ్లవంకలో బట్టల అంగడి లేదు, కొత్త బట్ట, కర్పూరం, పసుపు ఇక్కడే తీసుకోవాలన్నాడు సుంకప్ప. అంగడి తెరవలేదు. అంగడాయన ఇల్లు ఊరి అవతలి కొసన అని ఏసేపుకు తెలుసు. తానే పోయి పిలుచుకొస్తానని, ఇంజన్ నడుస్తూ ఉండగానే దిగిపోయాడు. అంగడాయన అప్పుడే స్నానానికి కూర్చున్నాడు. స్నానం అయ్యాక దీపం పెట్టాడు, కాఫీ తాగాడు. చావు సరుకని చెప్పినా ఆయన తొందరపడలేదు.

బండిలో ఏం జరిగిందో తర్వాత సుంకప్పే చెప్పాడు, అదీ ఒక్కసారే. వెనకనుంచి గాలి తోలడంతో పొగ లోపలికి వచ్చింది. ముందురోజు నుంచి ఏమీ తినని హంపమ్మకు వాంతి వచ్చినట్టయింది. అక్కను చూడలేక సుంకప్ప తాళం తిప్పి ఇంజన్ ఆపాడు. కాసేపే గదా, ఏసేపు వచ్చేలోగా మళ్లీ తిప్పేద్దామనుకున్నాడు. ఆ కాసేపు చాలాసేపైంది. చలిగాలి ఊరికే ఉండదు.

ఏసేపు అంగడాయనతో తిరిగి వచ్చి చూస్తే బండి చప్పుడు లేకుండా ఉంది. ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టాడు. చల్లబడిపోయింది. సుంకప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఏసేపు అతన్ని ఒక్క మాట అనలేదు. చావు ఇంటివాళ్లను ఏమంటాం. బట్ట కొన్నారు, కర్పూరం కొన్నారు. ఏసేపు ఎక్కి చోకు లాగి తాళం తిప్పాడు.

బండి వణికింది. ఆ ఏడాదిలో ఎప్పుడూ వణకనంతగా వణికింది. వెనకనుంచి హంపమ్మ కేక వినబడింది.

అందరూ వెనక తలుపు దగ్గరికి పరుగెత్తారు. దుప్పటి కిందినుంచి బసవరాజు చెయ్యి బయటికి జారి ఉంది. వేళ్లు ఆడుతున్నాయి. ముఖం మీది బట్ట నోటి దగ్గర లేస్తూ పడుతూ ఉంది. ఛాతీ మీది దుప్పటి కూడా కదులుతోంది. హంపమ్మ ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"నా కొడుకు కదులుతాండాడు" అంది. "ఊపిరి తీసుకుంటాండాడు సూడండప్పా. బండి తిప్పు. కర్నూలుకు తిప్పు."

అంగడాయన దండం పెట్టుకున్నాడు. టీ బంకు దగ్గరి వాళ్లు వచ్చారు, బస్సు కోసం నిలబడిన వాళ్లు వచ్చారు. నాడి చూడమన్నాడొకడు. చూసిన వాడు ఏదో తెలుస్తోందన్నాడు. బండి వణుకుతుంటే పట్టుకున్నవాడి వేళ్లకు తెలియక ఏమవుతుంది. నీళ్లు పోయండి అన్నారు, కాళ్లు రుద్దండి అన్నారు. బొటనవేళ్ల కట్టు ఎవరో విప్పేశారు. ఆ గుంపులో అది ఇంజన్ వణుకని తెలిసినవాడు ఏసేపు ఒక్కడే. సుంకప్పకు సగం తెలుసు.

అప్పుడు అతని ముందు మూడు దోవలు ఉన్నాయి. ఆ రోజు తర్వాత ఏసేపు వాటిని లెక్కలేనన్నిసార్లు తిరగేసుకున్నాడు. ఊరికే కూర్చుని ఉంటే ఇంజన్ వేడెక్కి, ఆ చేతివేళ్లు వాటంతటవే నెమ్మదించేవి. లేదా ఆమె అడిగినట్టు కర్నూలుకు తిప్పి ఉంటే సరిపోయేది. పెట్రోలు పోతే పోయేది. ఆసుపత్రిలో డాక్టరు చూసి, లేడమ్మా అని చెప్పేవాడు. ఆ మాట చెప్పడం డాక్టరు పని. మూడో దోవ సుంకప్ప చూపించాడు.

సుంకప్ప అతని దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు. "ఇంజన్ ఆపప్పా ఒకసారి. తెలిసిపోతాది."

"ఆపకూడదు గదన్నా."

"నేనే ఆపమంటాండా గదా. మా యక్క పిచ్చిదైపోతాది."

ఏసేపు తాళం తిప్పాడు.

బండి ఒక్కసారి కుదుపిచ్చి ఆగింది. బసవరాజు వేళ్లు ఆగాయి. నోటి దగ్గరి బట్ట ఆగింది. గుంపులో మాటలు ఆగాయి. హంపమ్మ ఆ చేతిని వదలకుండా చాలాసేపు చూసింది. తర్వాత తల ఎత్తి ఏసేపు వైపు చూసింది. తిట్టలేదు, శాపం పెట్టలేదు.

"నడుస్తాన్నంతసేపూ ఉన్నాడు గదప్పా" అంది. "ఎందుకాపితివి."

ఆ తర్వాత ఇంజన్ అందుకోలేదు. పెట్రోలు పొంగి ప్లగ్గులు తడిసిపోయాయి. తోశారు, మళ్లీ తోశారు. చివరికి దేవనకొండ వైపు ఖాళీగా పోతున్న ట్రాక్టరును సుంకప్ప ఆపితే, శవాన్ని ఆ ట్రాలీలోకి మార్చుకుని పోయారు. జీవితమంతా ట్రాక్టరు తోలిన బసవరాజు ట్రాక్టరు మీదే ఊరు చేరాడు. ఏసేపు రోడ్డు పక్కన నిలబడి ఆ దుమ్ము కూర్చునేదాకా చూశాడు. డబ్బు ఎవరూ ఇవ్వలేదు, అతనూ అడగలేదు.

మాట ఏసేపు కన్నా ముందు ఊళ్లకు చేరింది. గుండ్లవంక పిల్లగాడు కోడుమూరులో లేచినాడంట, చెయ్యి కదిలించినాడంట, ఆ ఏసేపు ఇంజన్ ఆపినాడంట, అంతే పోయినాడంట. ఇంజన్ ఆపకూడదని చెప్పింది ఏసేపే. చెప్పినవాడే ఆపాడు. ఆ కథ నిలబడటానికి ఇంకేం కావాలి. సుంకప్ప తానే ఆపమన్నానని మొదట ఒకసారి అన్నాడు, ఆ తర్వాత అనడం మానేశాడు. అక్క ముఖం చూస్తూ ఆ మాట ఎన్నిసార్లు అంటాడు.

ఫోను మోగడం తగ్గింది. కొత్త సంవత్సరం దాటాక పూర్తిగా మానింది. ఏసేపు ఆసుపత్రి గోడ దగ్గర పొద్దంతా బండి నిలబెట్టి కూర్చునేవాడు. పడమటి ఊళ్లవాళ్లు అతన్ని చూసి కూడా ఐసు పెట్టె బండివాడితో బేరమాడేవాళ్లు. ఒకరోజు అతనికి విసుగొచ్చి, ఆలూరు వాళ్లు నలుగురు ఉంటే వాళ్ల దగ్గరికి పోయి నిజం చెప్పేశాడు. ఇంజన్ ఆపకూడదన్నది శాస్త్రం కాదన్నా, నా బండి సలికి వణుకుతాదని నేను పుట్టించిన అబద్ధం అన్నాడు. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అందులో పెద్దాయన నిదానంగా, తప్పు చేసినోడు ఇట్లే మాట్లాడతాడులే, మా తాతల కాలం నుంచి ఉన్న పద్ధతిని నువ్వు పుట్టించేదేంది అన్నాడు. ముందు సీట్లో కూర్చుని ఏసేపుకు బుద్ధి చెప్పిన మనిషి ఆయనే.

ఆ సాయంత్రం ఏసేపు బండిని కోడుమూరు తెచ్చి ఇంటి ముందు రేకుల కింద పెట్టేశాడు. మళ్లీ కర్నూలు పోలేదు. ఇప్పుడన్నా నాకు వదిలిపెట్టు, కడిగి ఇస్తా, ఉల్లిగడ్డలు తోలుకో అన్నాడు మాబుసా. సంతోషమ్మ కూడా అదే అంది. శవాలు మోసిన బండిలో ఉల్లిగడ్డలు ఎవరు ఎక్కిస్తారన్నాడు ఏసేపు. అది నిజమే.

సంతరోజు ఒకటి వచ్చింది. ఇంకా చలి పోలేదు. పొద్దున్నే వీధిలో హంపమ్మ కనబడింది, చంకలో ఖాళీ సంచి. తిట్టడానికి వచ్చిందనుకుని సంతోషమ్మ గడపకు అడ్డం నిలబడింది. హంపమ్మ ఇంటివైపు చూడలేదు. బండి దగ్గర ఆగి, వెనక తలుపు మీద చెయ్యి పెట్టి, ఒకసారి స్టార్టు చెయ్యప్పా అంది.

ఏసేపు తాళం తెచ్చాడు. ఆమె వెనక ఎక్కి, ఆ రోజు కూర్చున్న చోటే కూర్చుని, ఖాళీ బల్ల మీద అరచెయ్యి పరిచింది. ఏసేపు చోకు లాగాడు. ఇంజన్ దగ్గి, పొగ కక్కి, అందుకుంది. బండి గడగడ వణికింది. హంపమ్మ కళ్లు మూసుకోలేదు, ఏడ్వలేదు. చెయ్యి బల్ల మీదే ఉంచి, ఏదో లెక్క వింటున్నట్టు కూర్చుంది. ఇంజన్ వేడెక్కుతున్న కొద్దీ వణుకు తగ్గింది. అద్దాల చప్పుడు పోయింది, తలుపుల చప్పుడు పోయింది. చివరికి బల్ల నిలిచింది. ఆమె ఇంకాసేపు ఆగి, చెయ్యి తీసుకుని, దిగింది. సంతకు పోయింది.

మరుసటి సంతకూ వచ్చింది. ఆ మరుసటి సంతకూ. ఒకసారి సంతోషమ్మ మజ్జిగ ఇస్తే తాగింది. ఊళ్లో వాళ్లకు ఈ సంగతి తెలిసి, ఒకరిద్దరు నవ్వారు. సుంకప్ప ఒకసారి వెంట వచ్చి, వీధి మొగదలలోనే నిలబడి, లోపలికి రాకుండా వెనుదిరిగాడు. ఒక వారం మాబుసా సామాను సంచితో వచ్చి బండి ముందు కూర్చుంటే హంపమ్మ అతన్ని చూసింది. బాగు చేస్తావాప్పా అని అడిగింది. అతను అవునన్నాడు. ఆమె బండి తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడింది. మాబుసా సంచి తీసుకుని లేచాడు.

శివరాత్రి పోయింది. కర్నూలు జిల్లాలో ఎండ ఎట్లా వస్తుందో తెలిసిందే, ఒకరోజు చలి ఉంటుంది, రెండోరోజు గోడలు కాలుతాయి. పాత సామాన్ల వ్యాపారి ఒకడు వచ్చి బండి చుట్టూ తిరిగి, ఇనుము బరువుకు కొంటానన్నాడు. ఏసేపు సరేనన్నాడు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడుతోంది, సంతోషమ్మ మోకాళ్ల మాత్రలు అయిపోయాయి. సంత అయిన మరునాడు వచ్చి తీసుకుపోమన్నాడు. ఎందుకు మరునాడని వ్యాపారి అడగలేదు.

ఆ సంతరోజు హంపమ్మ వచ్చేసరికే గాలి వెచ్చగా ఉంది. రాత్రంతా రేకుల కింద ఉన్న బండి కూడా చల్లబడలేదు. ఆమె ఎక్కి బల్ల మీద చెయ్యి పెట్టింది. ఏసేపు తాళం తిప్పాడు. ఇంజన్ మొదటిసారికే అందుకుని, సన్నగా, నున్నగా, కొత్త బండిలా నిలబడిపోయింది. అతను చోకు మొత్తం లాగి చూశాడు. కాస్త పొగ వచ్చింది, ఒక కుదుపు కుదిపింది, మళ్లీ నిలిచింది. తోశాడు, లాగాడు. వణుకు రాలేదు.

"ఏమప్పా, ఈపొద్దు లేదా?" అంది హంపమ్మ.

"ఎండాకాలం వచ్చెనమ్మా. సలి ల్యాకుంటే ఇది వణకదు."

ఆమె చెయ్యి తీయలేదు. ఇంకాసేపు చూద్దామన్నట్టు కూర్చుంది. బండి అదే తీరుగా నడుస్తూ ఉంది. పెట్రోలు ముల్లు ఎప్పుడో పనిచేయడం మానేసింది, ఎంత ఉందో ఏసేపుకూ తెలియదు.

దిగుతూ ఆమె అడిగింది. "మళ్ల సలికాలానికి ఉంటాదా బండి?"

ఏసేపు స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఆమె సంచి చంకన పెట్టుకుని నడిచింది. మలుపు దగ్గర ఒకసారి ఆగింది గాని వెనక్కి తిరగలేదు. బండి చప్పుడు ఇంకా వినబడుతోందో లేదో చూసుకుందేమో. ఆమె సంత జనంలో కలిసిపోయాక కూడా ఏసేపు ఇంజన్ ఆపలేదు. పెట్రోలు ఉన్నంతసేపు అది నడిచి, అతని చెయ్యి పడకుండానే ఆగిపోయింది.